పడమటి గోడా, ఖాకీ చొక్కా

కర్నూలులో కిటికీలు అమ్మే అంగట్లో నాకు ఉద్యోగం దొరికినప్పుడు మా అమ్మ వీధిలో అందరికీ, "మావాడు గాలి అమ్ముతాండాడు" అని చెప్పుకుంది. నిజానికి మేము అమ్మేది గాలి చొరబడని కిటికీలు. తెల్లటి ఫ్రేము, అంచుల చుట్టూ రబ్బరు, దిట్టమైన అద్దం. మూస్తే ఆటో హారను కూడా దూరపు చుట్టం పిలిచినట్టు మర్యాదగా వినిపిస్తుంది. "బయట ఎండ మండుతున్నా లోపల మీకు తెలియదు సార్" అని రోజుకు పదిమందికి చెప్పేవాణ్ణి. చెప్పి చెప్పి ఒకరోజు నేనే నమ్మేశాను. అమ్మేవాడికి రాకూడని జబ్బు అది.

మా ఊరు ఎర్రగుంట్ల నుంచి బస్సులో ముప్పావు గంట. మగ్గాల ఊరు. మా ఇంట్లో మూడు గదులు. లోపలి రెండూ పాతవి. మూరెడు మందం రాతిగోడలు, పైన మట్టి మిద్దె. నడి వేసవిలో కూడా అక్కడ పడుకుంటే కుండలో పడుకున్నట్టుంటుంది. అంత చీకటి కూడా. మూడోది మగ్గం గది. దాని పడమటి గోడ కూడా ఒకప్పుడు రాతిదే. నేను బడికి పోయే రోజుల్లో ఒక వానకు కూలిపోయింది. అప్పటికప్పుడు ఒంటి ఇటుకతో గోడ లేపి, సిమెంటు పూసి, మధ్యలో ఇనుప కిటికీ పెట్టారు. "తాత్కాలికం" అన్నారు. మా వైపు తాత్కాలికంగా కట్టినవే తరాలు నిలుస్తాయి.

నాయనది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని నేస్తాడు. ఆయన వీపుకూ పడమటి గోడకూ మధ్య జానెడు దూరం. మధ్యాహ్నం రెండు దాటితే ఆ గోడ పెనం అవుతుంది. పొరపాటున వెనక్కి వాలితే దోసె. గోడ ఒక్కటే అయితే నాయన ఓర్చుకునేవాడే, ఆయన మనిషి గదా. పోగు మనిషి కాదు. ఎండిన గాలి తగిలితే పుటుక్కున తెగుతుంది. తెగినదాన్ని ముడేసేలోపు పక్కది తెగుతుంది.

ఫ్యాను పెట్టుకోవచ్చు గదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ఫ్యాను గాలికి పోగులు లేచి చిక్కుబడతాయి, ఇంకా తొందరగా ఎండుతాయి. కూలర్ గాలి నేరుగా పడితే మగ్గం మీద గుడ్డ పతంగం అవుతుంది. ఏసీ అయితే గదిలో ఉన్న రవ్వంత తేమను కూడా పీల్చేస్తుంది. లోపలి గదిలోకి మగ్గం మారుద్దామంటే అక్కడ వెలుతురు లేదు. కాబట్టి మిగిలింది గోడ, కిటికీ. ఆ రెండూ దారికి వస్తే తప్ప మగ్గం నడవదు.

నిరుడు వేసవి మొత్తం మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదు దాకా మగ్గం ఆగిపోయింది. ఈ ఏడు ఉగాదికి ముందు నేను ఊరికి పోయేసరికి నాయన ఒక ప్రకటన చేశాడు. అన్నం తింటూ, మజ్జిగ పోసుకుంటూ, మామూలు గొంతుతో.

"ఈ పడుగు అయిపోతే ఇంగొక పడుగు ఎక్కియ్యను."

పడుగంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే పోగులు. ఒకసారి ఎక్కిస్తే కొన్ని చీరలు నేయొచ్చు. అప్పుడున్నది మహా అయితే మే నెల సగం దాకా వస్తుంది. ఆ తర్వాత సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ పని. తెలిసినాయన మాట్లాడి పెట్టాడట. ఖాకీ చొక్కా కూడా వచ్చేసింది. అదే పడమటి గోడకు, మేకుకు వేలాడుతోంది.

అమ్మ పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. నేను ఆ చొక్కా దగ్గరికి పోయి చూశాను.

"పట్టుకోని చూడు," అన్నాడు నాయన. "గుడ్డనా అది? తడి పీల్చదు, గాలి పోదు. దీన్ని నేసినోనికి చెమట పట్టదేమో."

"మరి యాల వేసుకుంటావు?"

"వాచ్‌మన్‌కు పంచె ఇయ్యరంట."

"నేను చూసుకుంటా నాయనా" అన్నాను. సినిమాలో అయితే ఆ మాట తర్వాత సంగీతం వస్తుంది. మా ఇంట్లో కుక్కరు కూసింది.

కర్నూలు అంగట్లో ఒక కిటికీ చాలా రోజులుగా గోడకు ఆనుకుని పడి ఉండేది. ఎవరో కొలత తప్పుగా ఇచ్చి వదిలేసింది. మా కిటికీకీ దానికీ రెండు వేళ్ళే తేడా. దాన్ని ఎర్రగుంట్లకు ఖాళీగా పోయే సిమెంటు లారీలో ఎక్కించి, నేను కూడా దాని పక్కనే కూర్చుని ఊరు చేరాను. దాంతో పాటు అద్దానికి అంటించే నల్ల ఫిల్ము ఒక చుట్ట, గోడకు లోపలివైపు అతికించడానికి థర్మాకోల్ పలకలు.

బిగించడానికి వచ్చింది మేస్త్రి మామ. మా వీధిలోనే ఉంటాడు. ఆ ఒంటి ఇటుక గోడ కట్టింది ఆయనే, తాత్కాలికం అన్నదీ ఆయనే. థర్మాకోల్ పలకను రెండు వేళ్ళతో ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూశాడు.

"ఏమల్లుడా, టీవీ డబ్బాలో వచ్చేది గదా ఇది?"

"అదే మామా. వేడిని ఆపుతుంది."

"మరి ఇన్నేండ్లు టీవీకి చలి పెట్టకుండా అనుకుంటి నేను."

అమ్మ ప్రశ్న వేరే. గోడకు ఉన్న దేవుని పటాలు, క్యాలెండరు, నాయనకు నాయనైన మా జేజినాయన ఫోటో, ఖాకీ చొక్కా అన్నీ దించి బియ్యం డ్రమ్ము మీద పెట్టి, తెల్లగా బోడిగా అయిన గోడను చూస్తూ నిలబడింది.

"అంతా బాగుండాది. మేకు యాడ కొట్టాల?"

"దీనికి మేకు నిలవదమ్మా."

"మేకు నిలవంది గోడెట్లయితాదిరా?"

కర్నూలులో ఏ కస్టమరూ ఆ మాట అడగలేదు. అక్కడ గోడలకు దేవుళ్ళు తక్కువ.

ఆ మధ్యాహ్నం మూడింటికి నాయన గుంతలో దిగి కూర్చున్నాడు. కిటికీ మూశాను. ఫిల్ము వల్ల గదిలో మెత్తటి నీడ పడింది. వడగాలి ఆగింది, దుమ్ము ఆగింది. పోగు మోసుకుని నాడె అటూ ఇటూ ఉరికింది. గంటసేపట్లో రెండు పోగులే తెగాయి. నాయన అయిదింటి దాకా లేవలేదు. నేను గర్వంగా కర్నూలు బస్సెక్కాను. మరుసటి రోజు నుంచి కస్టమర్లకు, "మా ఇంట్లోనే పెట్టినాము సార్" అని కూడా చెప్పడం మొదలుపెట్టాను.

పది రోజులకు అమ్మ ఫోన్ చేసింది.

"మీ నాయన నిన్ను ఏం తిట్టడం లేదు."

"మంచిదే గదమ్మా."

"అందుకే ఫోన్ చేస్తాండా. రా."

పోయాను. నాయన గుంతలో లేడు. గడప మీద కూర్చుని, తన పంచె అంచును చూసుకుంటున్నాడు. అంటే దేన్నీ చూడటం లేదని అర్థం. లోపల మగ్గం మీద చీర సగంలో ఆగి ఉంది. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

"తలుపు తీసి చూడు," అంది అమ్మ.

వీధి తలుపు బార్లా తీశాను. వెలుగు పడింది. వంకాయ రంగు చీర మధ్యలో గజం పొడవున వంకాయ కాదు, నేరేడు పండు. దాని తర్వాత మళ్ళీ వంకాయ. ఎవరో చీరకు నడుముపట్టీ కట్టినట్టు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. అడ్డంగా నేసే పేక నూలును అమ్మ చిన్న చిన్న కండెలకు చుట్టి నాయనకు అందిస్తుంది. ఆ కండెలకు చీటీలుండవు, గుర్తులుండవు. అమ్మ కన్నే చీటీ. ముందు చీర నేరేడు రంగు, దాని కండెలు కొన్ని మిగిలి అదే బుట్టలో ఉన్నాయి. వంకాయకూ నేరేడుకూ ఉండే తేడా నాలాంటివాడికి పట్టపగలు కూడా సందేహమే, అమ్మకు మాత్రం ఉప్పూ చక్కెరా అంత తేడా. కానీ దానికో నియమం ఉంది. దీపం పెట్టినాక రంగు ముట్టకూడదు. పొద్దు వాలితే ఏ రంగూ నిజం చెప్పదని మా జేజి కాలం నుంచి మాట. ఇంట్లో ఎవరూ సాయంత్రం దాటాక కండె మార్చరు, ఎంత తొందరున్నా.

అమ్మ ఆ నియమం తప్పలేదు. మధ్యాహ్నం రెండున్నరకే కండె అందించింది. కాకపోతే నా నల్ల ఫిల్ము పుణ్యాన మా మగ్గం గదిలో మధ్యాహ్నం రెండున్నరకే పొద్దు వాలుతోంది.

నేను ఇది అర్థం చేసుకుని నోరు తెరిచేలోపే అమ్మ తక్కువ గొంతుతో అంది, "నేనే ఇచ్చినా కండెలు. ఒకటి గాదు, ఎన్నో. నాకు కండ్లు పోతాండాయి అబ్బీ. కడపలో కంటి డాక్టరు కాడికి పోదామా?"

అమ్మ అంత చిన్నగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. మా వీధిలో ఎవరూ విని ఉండరు.

"నీ కండ్లు బాగుండాయమ్మా. నేను కిటికీకి నల్లద్దాలు పెట్టినా."

అమ్మ ఫిల్ము వైపు చూసింది. బుట్టలోంచి రెండు కండెలు తీసి కిటికీ దగ్గర పెట్టి చూసింది. గడప దగ్గరికి వచ్చి చూసింది. మళ్ళీ కిటికీ దగ్గరికి పోయింది. తర్వాత ఆమె గొంతు మామూలు ఎత్తుకు వచ్చింది.

"రెండు దినాలు నాకు నేను గుడ్డిదాన్ననుకోని ఏడ్చినాను గదరా, సచ్చినోడా!"

హమ్మయ్య అనిపించింది. తిట్లు రావడం మొదలైతే మా ఇంట్లో సగం రోగం నయమైనట్టే. మిగతా సగం గడప మీద కూర్చుని ఉంది.

"విప్పాల," అన్నాడు నాయన. నేసిన పేకను పోగు పోగుగా వెనక్కి తీయడం నేయడం కంటే కష్టం. పడుగు నలుగుతుంది. "విప్పి, ఈ చీర నేసి, ఉండే పడుగు అయిపోగొట్టి ఫ్యాక్టరీకి పోతా. ఒక్కో దానికి కాలం తీరుతాది."

"నాయనా, కిటికీ ఒక్కటే..."

"నీ మింద కోపం లేదురా. చల్లగా ఉండె. పదిదినాలు బాగా నేసినా. తప్పు నేసినా, గాని బాగా నేసినా."

దీన్ని మెచ్చుకోలుగా తీసుకోవాలా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

ఒకటిన్నర రోజు నాయన పేక విప్పాడు. నేను బకెట్లో సబ్బునీళ్ళు పెట్టుకుని బ్లేడుతో ఫిల్ము గీకాను. ఇద్దరం ఒకే గదిలో, చేసినదాన్ని చెరుపుకుంటూ. ఫిల్ము పోయేసరికి ఎండ మళ్ళీ లోపలికి వచ్చి మగ్గం మీద కూర్చుంది. అద్దం మూసినా వేడి వేడే. వడగాలి మాత్రం రావడం లేదు, అంతవరకు కొత్త కిటికీ పరువు దక్కించింది.

అమ్మ వీధిలో నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పడమటి వైపు చూస్తూ లోపల ఉన్న నన్ను పిలిచింది.

"ఒరే, ఎండకు చెయ్యి యాడ అడ్డం పెట్టుకుంటాము? కంటికి బయటనా, లోపలనా?"

"బయటే."

"మరి నువ్వు గోడకు లోపల యాల పెట్టినావు?"

అంగట్లో నాకు ఇచ్చిన శిక్షణలో రెండు రోజుల పాఠం ఉంది. బొమ్మలతో సహా. అందులో ఈ మాట ఉందో లేదో నాకు గుర్తులేదు. ఎండ అద్దం మీద, ఇటుక మీద పడ్డాక లోపల ఎన్ని పలకలు అతికించినా, వచ్చిన చుట్టాన్ని వరండాలో కూర్చోబెట్టినట్టే. ఇంటికైతే వచ్చేశాడు గదా.

మేస్త్రి మామను మళ్ళీ పిలిచాం. ఆయన థర్మాకోల్ పీకుతుంటే వెనకాల బల్లి ఒకటి గుడ్లు పెట్టుకుని ప్రశాంతంగా ఉంది. మొత్తం పథకంలో లబ్ధి పొందింది అదొక్కటే.

బండల పాలిష్ ఫ్యాక్టరీల బయట మూలలు విరిగిన కడప బండలు గుట్టలుగా పడి ఉంటాయి. మామ వాటిని ట్రాక్టరులో తెప్పించాడు. గోడకు బయట, జానెడు దూరంలో, ఇనుప కొక్కేలతో నిలువుగా నిలబెట్టాడు. కింద జానెడు, పైన జానెడు సందు వదిలాడు. ఎండ బండ మీద పడుతుంది, బండకూ గోడకూ మధ్య గాలి వేడెక్కి పైసందులోంచి పోతుంది, కిందిసందులోంచి వేరే గాలి వస్తుంది. బండల మీద సున్నం కొట్టాం, ఎండ ఇంకా తక్కువ పీల్చుకోవడానికి.

"గోడకు చొక్కా తొడిగినట్లుండాది," అన్నాను.

"ఒంటి ఇటుకది గదా, సిగ్గుపడతాండె ఇన్ని దినాలు," అన్నాడు మామ. తను కట్టిన గోడ గురించి ఆయన చెప్పుకున్న క్షమాపణ అంతే.

కిటికీ సంగతి నాయన చూసుకున్నాడు. ఎవరూ అడగలేదు. పేక విప్పడం అయిపోయిన మధ్యాహ్నం దొడ్లో ఉన్న కంది కట్టె మోపు ముందేసుకుని కూర్చుని తడిక అల్లడం మొదలుపెట్టాడు. మా వైపు కంది కట్టెతో కంచెలు అల్లుతారు, పందిళ్ళు వేస్తారు. కానీ నాయన అల్లిన తడిక పక్కన అవన్నీ సంతలో గుడ్డలే. ఒక్క కట్టె ఎగుడుదిగుడు లేదు. అంచు కూడా పెట్టాడు.

"తడికకు జరీ ఒకటి తక్కువ," అన్నాను.

"నువ్వు తెచ్చిన నల్ల కాగితం ఉండాది గదా, పెడదామా?"

నోరు మూసుకుని తడిక మోశాను.

దాన్ని కిటికీకి బయట, పై అంచుకు కట్టి, కింది అంచును రెండు కర్రలతో ముందుకు తోసి నిలబెట్టాలి. ఎంత ముందుకు అన్నదే సమస్య. ఎక్కువ దించితే మళ్ళీ చీకటి. ఎక్కువ ఎత్తితే మళ్ళీ ఎండ. నేను బయట కర్ర పట్టుకుని నిలబడ్డాను, సరిగ్గా మధ్యాహ్నం మూడింటికి. నాయన లోపల గుంతలో కూర్చుని చేతిలో రెండు కండెలు పట్టుకున్నాడు. ఒకటి వంకాయ, ఒకటి నేరేడు.

"ఎత్తు. రొంత ఎత్తు. ఇంగ రొంత."

"ఎండ పడుతాందా?"

"లేదు. ఎత్తు."

"నాకు పడుతాంది నాయనా."

"నీకు పడితే పడనీలే. ఆఁ... నిలబెట్టు, నిలబెట్టు! ఏమే, ఈడికొచ్చి చూడు."

అమ్మ పోయి చూసింది. ఆమె ఏమందో నాకు వినపడలేదు. కొత్త కిటికీ మూసి ఉంది మరి, మంచి కిటికీ. అద్దంలోంచి ఆమె ఒక కండెను బుట్టలో పడేయడం, రెండోది నాయన చేతికివ్వడం మాత్రం కనిపించింది. నేను మామ ఇచ్చిన మేకు కొట్టి కర్ర బిగించేశాను. రెండు రంగులు రెండు రంగులుగా కనిపించేంత ఎత్తు, చీర మీద ఎండ పడనంత వాలు. ఏ ఇంజనీరూ ఆ లెక్క ఒప్పుకోడు. మా తడిక మాత్రం ఒప్పుకుని నిలబడింది.

లోపల గోడ మళ్ళీ మేకులు పట్టే గోడ అయింది. అమ్మ దేవుని పటాలు తగిలించింది, క్యాలెండరు తగిలించింది. నడుమ ఉండే పెద్ద మేకుకు మాత్రం నాయన ముందే ఖాకీ చొక్కా తగిలించాడు. అది జేజినాయన ఫోటో ఉండే మేకు. జేజినాయన బియ్యం డ్రమ్ము మీదే ఉండిపోయాడు, గోడకు ఆనుకుని, రేషను కోసం వచ్చినవాడిలా.

నేను కర్నూలుకు వచ్చేశాను. ఈసారి కస్టమర్లకు మా ఇంటి గురించి చెప్పలేదు. ఒకాయన మాత్రం పడమటి కిటికీకి ఫిల్ము అడిగితే, "ముందు బయట ఏదైనా నీడ వేసుకోండి సార్" అన్నాను. మా యజమాని నా వైపు చూసిన చూపుకు ఏ ఫిల్ము పనికిరాదు.

మే సగం దాటింది. ఫోన్‌లో నేను పడుగు గురించి అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. రోహిణి కార్తెలో సెలవు పెట్టి పోయాను. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. మా రోలు చూశాను, పగల్లేదు. చెప్పులు మాత్రం బస్టాండు నుంచి ఇంటికి వచ్చేసరికి మెత్తబడ్డాయి.

మధ్యాహ్నం మూడు. వీధిలో కుక్క కూడా లేదు. ఇంట్లోంచి మగ్గం చప్పుడు రావడం లేదు. పాత పడుగు అయిపోయి ఉంటుంది, అనుకున్నాను. కాదు, ఎండకు ఆపి ఉంటారులే అని సర్దిచెప్పుకుని తలుపు తోశాను.

తలుపు కింద సందులోంచి దూరే వడగాలితో పాటు నేనూ లోపలికి వచ్చాను. నాయన, అమ్మ మగ్గానికి చెరొక వైపు కూర్చుని ఉన్నారు. పాత పడుగు చివర్లకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతున్నారు. కొత్త పడుగు ఆకుపచ్చ. వేల పోగులు. ఇద్దరూ తలెత్తలేదు, ఎత్తితే ఎక్కడున్నామో మరిచిపోతారు. నాయన వీపు పడమటి గోడకు ఆని ఉంది. పూర్తిగా. దిండుకు ఆనుకున్నట్టు.

"తలుపెయ్యి, గాలి," అన్నాడు.

వేశాను. కింద రెండు వేళ్ళ సందు అలాగే ఉంది. వడగాలి ఈల వేసింది, ఆకుపచ్చ పోగులు వణికాయి. నాయన విసుగ్గా ఆ సందును చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు. లేచి, పెద్ద మేకు నుంచి ఖాకీ చొక్కా తీశాడు. దాని చేతులు మడిచి, గుండీలు లోపలికి పెట్టి, తడిపిన పంచె పిండినట్టు గట్టిగా మెలితిప్పి, తలుపు కింద సందులో కాలి మడమతో కూరాడు. ఈల ఆగిపోయింది.

"గాలి పోదని చెప్పినా గదా," అన్నాడు వచ్చి కూర్చుంటూ. "మంచి గుడ్డే."

సినిమాలో అయితే ఇక్కడ కూడా సంగీతం వస్తుంది. ఈసారి కుక్కరు కూయలేదు, అమ్మే అందుకుంది.

"ఏం చూస్తాండావురా నిలబడి? మేకు ఖాళీ అయినాది గదా. పోయి మీ జేజినాయనను తీసుకరా."